పంచింగ్ మిషన్‌కు శ్రద్ధాంజలి

ఈమధ్య మా గురించి మాట్లాడేవాళ్ళు మమ్మల్ని ఆర్ట్ కలెక్టివ్, అంటే కళాకారుల బృందం, అంటున్నారు. యూనివర్సిటీ నుంచి ఒకమ్మాయి వచ్చి మా గోడ ముందు నిలబడి, ఆర్థిక సంక్షోభానికీ మీడియా పోకడలకూ మీరిచ్చిన జవాబు అద్భుతం అన్నది. నేను గంభీరంగా తలూపాను. పక్కనున్న మామ, ఈ పిల్ల ఎవరి గురించి చెప్తున్నదని కళ్ళతోనే నన్ను అడిగాడు. పని పోయిన నలుగురు ఒకచోట చేరి పొద్దస్తమానం టీలు తాగుతుంటే మా నాచారంలో దానికి వేరే పేర్లున్నాయి, అవి ఇక్కడ రాయను. కానీ ఆ ఆదివారం జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నా కాలు ఒకచోట నిలవదు. ఎవరికైనా చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు.

నేను నాచారంలో ఒక ఫ్లెక్స్ దుకాణంలో తొమ్మిదేళ్ళు డిజైనర్‌గా పనిచేశాను. ఉప్పల్ నుంచి లాలాపేట్ దాకా ఎవరు పుట్టినా, ఎవరు పోయినా ముందు నా కంప్యూటర్లోకి రావాల్సిందే. పుట్టినరోజుకూ చావుకూ నా దగ్గర తేడా చాలా తక్కువ. కేకు లేయర్ తీసేసి దండ లేయర్ వేస్తే అయిపోతుంది. గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, మనిషిని పావుగంటలో స్వర్గానికి పంపించేదాన్ని.

జనం చేతుల్లో డబ్బు ఆడుతోందో లేదో టీవీలో కూర్చున్న మేధావుల కంటే ముందు ఫ్లెక్స్ దుకాణానికి తెలుస్తుంది. మొదట పిల్లల పుట్టినరోజులు ఆగాయి. తర్వాత కాలనీ లీడర్లు చిన్నబోయారు. పదిహేను అడుగుల నాయకుడు ఆరడుగులకు దిగాడు. చివరి ఏడాది మేము ఎక్కువగా కొట్టింది ‘షట్టర్ అద్దెకు ఇవ్వబడును’. మిగిలిన ఆ కాస్త గిరాకీని ఫోన్లు మింగేశాయి. ఎవరి పోస్టర్ వాళ్ళే ఉచితంగా చేసుకుని స్టేటస్ పెట్టుకుంటుంటే మా దాకా ఎవరొస్తారు? ఒక శుక్రవారం మా ఓనరు వచ్చి, ప్రింటింగ్ మిషన్‌ను చర్లపల్లిలో ఎవరికో అమ్మేశానని, సోమవారం తీసుకుపోతారని చెప్పాడు. సగం రోల్, డబ్బాల అడుగున కొంత ఇంకు ఉన్నాయి, నీ ఇష్టమొచ్చింది కొట్టుకో అన్నాడు. తొమ్మిదేళ్ళకు నాకు దక్కిన సన్మానం అదీ.

ఆ రోజు దుకాణంలో నాతోపాటు ఇద్దరున్నారు. ఒకరు మామ. నాకు బంధువేమీ కాదు, నాచారంలో అందరికీ మామే. ఒకప్పుడు ఉప్పల్ రింగ్ రోడ్డు మీద సగం దుకాణాల బోర్డులు ఆయన చేత్తో రాసినవి. మా ఫ్లెక్స్ వచ్చాక ఆయన బ్రష్ మూలకు పడింది, ఆయన ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్ అయ్యాడు. డ్యూటీ దిగగానే మా దుకాణానికి వచ్చి, మా టీ తాగుతూ మా అక్షరాలకు వంకలు పెట్టేవాడు. ఫ్లెక్సులో తప్పు పోతే చింపి పారేయాల్సిందే, బ్రష్‌తో రాసింది అయితే తుడిచి మళ్ళీ రాయొచ్చు అన్నది ఆయన మంత్రం. రోజుకు కనీసం రెండుసార్లు వినేదాన్ని.

రెండో మనిషి మైకన్న. ఉప్పల్‌లో ఒక చిన్న యూట్యూబ్ ఛానెల్‌లో మైకు పట్టుకుని తిరిగేవాడు, అందుకే ఆ పేరు. వీడియో మొదట కనిపించే బొమ్మ మీద ‘గుండెలు పిండే’, ‘కన్నీళ్ళు ఆగవు’ లాంటి ముక్కలు అతికించే మోడల్ తయారుచేసింది తనేనని గర్వంగా చెప్పేవాడు. ఆ మోడల్ తయారయ్యాక ఇక అతనితో పనేముందని ఛానెల్ వాళ్ళు ఇంటికి పంపారు. ఆ ముచ్చట మాత్రం అంత గర్వంగా చెప్పేవాడు కాదు.

సరిగ్గా అప్పుడు అక్క వచ్చింది, ఆ రోజే పరిచయమై తర్వాత మాకందరికీ అక్క అయింది. నలభై దాటిన మనిషి, గట్టి గొంతు, చేతిలో ఖాళీ టిఫిన్ డబ్బా సంచి. మల్లాపూర్‌లో అట్టపెట్టెలు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేసేది. శ్రద్ధాంజలి ఫ్లెక్స్ కావాలంది. అలవాటు ప్రకారం ఎవరికని అడిగి, ఫొటో ఇమ్మన్నాను. ఫోన్ నా ముందు పెట్టింది. అందులో మనిషి లేడు. పచ్చ రంగు ఇనప మిషన్ ఉంది, బంతిపూల దండ వేసి, కుంకుమ బొట్లు పెట్టి, ముందు కొట్టిన గుమ్మడికాయతో. దసరాకు ఆయుధపూజ చేసినప్పటి ఫొటో.

నేను నవ్వాను. అక్క నవ్వలేదు.

పద్నాలుగేళ్ళు ఆ పంచింగ్ మిషన్ మీద మిఠాయి డబ్బాల అట్టలు కోసిందట. మొన్న ఒక సాయంత్రం ఫ్యాక్టరీ గ్రూపులో మెసేజ్ వచ్చింది, ఫ్యాక్టరీ బందు, రేపటినుంచి రావద్దని. అంతే. ఆ రాత్రే సగంమంది గ్రూపులోంచి వెళ్ళిపోయారు. బజారులో ఎదురుపడినా ముఖం తిప్పుకుంటున్నారు. పని పోయిన సిగ్గు ఒకరిది ఇంకొకరికి కనబడకూడదని. అక్కకు అది మింగుడుపడలేదు.

“రోజు పొద్దుగాల లైన్ల నిలబెట్టి హాజరీ పిలిచిన్రు, పద్నాలుగేండ్లు. పంపేటప్పుడు ఒక్క మెసేజ్‌తోటి పంపిన్రు,” అన్నది. “ఒక్కపారి బి షిఫ్టోళ్ళం అందరం గేటు ముందల నిలబడి హాజర్ చెప్పాలె. గంతే. ఊకె రమ్మంటె ఎవరొస్తరు? సావు అంటె వస్తరు.”

మామ గ్లాసు కింద పెట్టాడు. తొమ్మిదేళ్ళు లీడర్ల మీసాలు నున్నగా చేసిన నా చేతికి చివరి సగం రోల్ మీద చేయదగ్గ పని ఇదే అనిపించింది. డబ్బు మాట ఎత్తబోతే అక్క చేయి పట్టుకుని ఆపేశాను.

ఆ శనివారం అంత ఉత్సాహంగా నేను ఎన్నడూ పనిచేయలేదు. మామ ఫ్యాక్టరీ గేటు వాచ్‌మన్‌తో మాట్లాడి వచ్చాడు. వాచ్‌మన్లకు వాచ్‌మన్లు ఎప్పుడూ దోస్తులే, గేటు పక్క గోడకు ఏం కట్టుకున్నా నేను చూడలేదంటానని అతను మాటిచ్చాడు. అక్క గ్రూపులో ఉన్నవాళ్ళకూ వెళ్ళిపోయినవాళ్ళకూ మెసేజ్ పెట్టింది, ఫొటోలు పంపమని, ఆదివారం పది గంటలకు గేటు దగ్గరికి రమ్మని. ఫొటోలైతే వచ్చాయి. వస్తామని ఇద్దరే అన్నారు.

మిషన్‌ను పైన పెద్దగా పెట్టాను. కింద, మన ఫ్లెక్సుల పద్ధతి ప్రకారం, బాధపడుతున్నవాళ్ళ ముఖాలు గుండ్రాల్లో వరసగా. నడిమధ్యలో కాస్త పెద్ద గుండ్రంలో అక్క. మైకన్న వాక్యం రాశాడు: ‘పద్నాలుగేళ్ళు మాతో కలిసి పనిచేసి, మొన్న ఆగిపోయిన మా పంచింగ్ మిషన్‌కు కన్నీటి వీడ్కోలు. ఇట్లు, బి షిఫ్ట్.’ ఇందులో ‘గుండెలు పిండే’ లేదేమని ఏడిపిస్తే, నిజంగా బాధ ఉన్నచోట ఆ ముక్క అక్కర్లేదన్నాడు. మిషన్ ఫొటోలో బంతిపూల దండ ఎలాగూ ఉంది కాబట్టి ప్రతి శ్రద్ధాంజలికీ నేను వాడే మోడల్‌లో ఉండే దండను కిందికి లాగి అలాగే వదిలేశాను, తర్వాత తీసేద్దామని. ఆ తర్వాత అన్నది రానే లేదు.

ఫ్లెక్స్ మెల్లగా బయటికి వస్తుంటే నలుగురం దాని ముందు కూర్చుని చూశాం. నలుగురం చూశాం, మళ్ళీ చెప్తున్నాను. నేను మిషన్ పచ్చ రంగు సరిగ్గా వచ్చిందా అని చూశాను. మామ అక్షరాల ఒత్తులు చూశాడు. మైకన్న తన వాక్యం చూసుకున్నాడు. అక్క తన ముఖం తప్ప మిగతా ముఖాలన్నీ వేలుపెట్టి లెక్కపెట్టుకుంది. తొమ్మిదేళ్ళు దండలు వేసిన నా కళ్ళకు దండ అసలు కనబడదు.

ఆదివారం తెల్లారగానే గేటు పక్కన కట్టేశాం. ఎదురుగా రోడ్డు మీద నిలబడి చూస్తే ఎంత బాగుందో! మా ఊరి కళ్ళకు శ్రద్ధాంజలి ఫ్లెక్సు కొత్త కాదు, కానీ అందులో మిషన్ ఉండటం ఎవరూ చూడలేదు. పాలబండి అతను బ్రేకు వేశాడు. పొద్దున నడకకు వచ్చిన పెద్దాయన రెండుసార్లు చదివి చెప్పులు విడిచి దండం పెట్టాడు. మాకు గాల్లో తేలుతున్నట్టుంది. ఆ సంబరంలో నలుగురం ఇడ్లీ తినడానికి చౌరస్తాకు పోయాం. ముందురోజంతా ఫొటోలు వచ్చి అక్క ఫోన్ చచ్చిపోయింది, దాన్ని టిఫిన్ సెంటర్లోనే చార్జింగ్‌కు పెట్టి వచ్చేసింది.

పదయింది. ఎవరూ రాలేదు. పదింపావు. వస్తామన్న ఇద్దరు కూడా లేరు. మామ వెంట తెచ్చుకున్న పాత రంగుల డబ్బాను బోర్లించి అక్క దానిమీద కూర్చుంది. ఎందుకైనా మంచిదని బ్రష్‌లు చిన్న రంగు డబ్బాలు కూడా తెచ్చాడు ఆయన, ఎందుకో ఆయనకే తెలియదు. ఎవరి పనులు వాళ్ళకుంటయి తీయి, అంది అక్క, మా ముఖాలు చూడకుండా. ఆమె గొంతు అంత చిన్నగా రావడం నేను వినలేదు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి, రాని ఆ ఇరవై ఒక్కమంది మీద.

అప్పుడు మొదటి ఆటో వచ్చింది. అందులోంచి ముగ్గురు ఆడవాళ్ళు దిగారు, నోట్లో కొంగులు కుక్కుకుని. ఒకామె చేతిలో కవరు, కవరులో పూలదండ. వాళ్ళ వెనక ఇంకో ఆటో. ఆ వెనక రెండు బైకులు. అక్క సంతోషం పట్టలేక లేచి చేతులు చాచుకుని ఎదురెళ్ళింది.

వాళ్ళు అరిచిన అరుపు మల్లాపూర్ మొత్తం విన్నదనుకుంటాను. ఒకామె అక్కడే రోడ్డు మీద కూలబడింది. ఇంకొకామె ఏసయ్యా ఏసయ్యా అంటూ వెనక్కి నడిచి ఆటోను గుద్దుకుంది. దండ తెచ్చినామె మాత్రం దగ్గరికొచ్చి, అక్క చెంప ముట్టుకుని చూసి, అదే చెంప మీద గట్టిగా ఒకటి కొట్టి, కౌగిలించుకుని ఏడ్చింది.

మైకన్న ఆమె ఫోన్ లాక్కుని చూశాడు. మేము ఇడ్లీలు తింటున్నప్పుడు అతని పాత ఛానెల్ వాళ్ళు ఎవరో వచ్చి ఫ్లెక్స్‌ను తీసుకుపోయారు, కెమెరాలో. మిషన్‌ను వదిలేశారు, వాక్యాన్ని వదిలేశారు. నడిమధ్య గుండ్రం మీదికి కెమెరా దూసుకుపోయి ఆగిపోయింది. ‘ఉద్యోగం పోయిందని మహిళ… గుండెలు పిండే ఘటన.’ అతను తయారుచేసిన మోడలే, అవే రంగులు. ఆ గుండ్రంలో నవ్వుతున్న అక్క మెడలో, అచ్చంగా కొలిచి వేసినట్టు, నా దండ.

భూమి చీలితే అందులోకి పోదామనిపించింది. బతికున్న మనిషికి దండ వేశాను. నేను వేశాను, నా చేత్తో. అక్క కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాను.

అదే సమయానికి అక్క భర్త వచ్చాడు. ట్రాలీ ఆటో నడుపుతాడు. పక్కింటివాళ్ళు వీడియో చూపిస్తే, ఒక కాలికే చెప్పుతో, బండి కూడా తీయకుండా నాచారం నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. అక్కను చూసి ఆగిపోయాడు.

“ఫోన్ ఎందుకు ఎత్తవే నువ్వు,” అన్నాడు.

అంతే అన్నాడు. పోయి గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. అక్క వెళ్ళి పక్కన కూర్చుని, చెప్పు లేని పాదానికి అంటిన మట్టి తన కొంగుతో తుడిచింది. ఆ ఇద్దరినీ చూస్తూ నేను వెక్కివెక్కి ఏడ్చాను. సిగ్గేమీ పడలేదు.

మైకన్న ఛానెల్‌కు ఫోన్ చేశాడు. ఆమె బతికే ఉంది, వీడియో తీసేయమన్నాడు. అవతలివాళ్ళు నవ్వారట. చచ్చిపోయిందంటే చూస్తున్నారు, బతికే ఉందంటే ఎవరు చూస్తారన్నారట. ఫోన్ పెట్టేసి, ఈ మాట నేనే వాళ్ళకు నేర్పిన అన్నాడు మైకన్న. అతని ముఖం అంత చిన్నబోవడం ఎప్పుడూ చూడలేదు.

ఇంతలో ఆటోలు వస్తూనే ఉన్నాయి. వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఏడవడం, అరవడం, అక్కను తిట్టడం, తర్వాత పకపకా నవ్వడం. నవ్వయ్యాక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, ఆ మెసేజ్ తర్వాత మొదటిసారి. నువ్వేం చేస్తున్నవ్ అని ఒకరు అడిగితే, ఇంకా ఏమీ లేదని ఇంకొకరు చెప్పారు. దాచుకోకుండా చెప్పారు. ఇంటికి పోదామన్నవాళ్ళు ఎవరూ లేరు.

మామ ఎప్పుడు నిచ్చెన వేశాడో నేను చూడలేదు. తల ఎత్తేసరికి పైన ఉన్నాడు, ఎడమ చేతిలో చిన్న డబ్బా, కుడి చేతిలో బ్రష్. ఫ్లెక్సులో అక్క చీర నీలం రంగును కంటితోనే చూసి కలిపేశాడు. అక్క మెడలోని దండను ఒక్కొక్క పువ్వూ చెరిపేస్తున్నాడు. అన్నేళ్ళ తర్వాత బ్రష్ పట్టిన చేయి, ఒక్కసారి కూడా వణకలేదు. చివరి పువ్వు పోగానే కిందనున్న ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. నా వైపు చూసి ఆయన ఏదో అనబోతే, తెలుసు మామా, తుడిచి మళ్ళ రాయొచ్చు అని నేనే చెప్పేశాను. ఆయన ఇంత పెద్దగా నవ్వాడు.

అక్క లేచి నిలబడి కొంగు నడుముకు చుట్టింది. గొంతు మళ్ళీ ఎప్పటిలా అయింది. బి షిఫ్ట్, లైన్ల నిలబడుండ్రి అని అరిచింది. నిలబడ్డారు. ఎవరు ఎవరి వెనక నిలబడాలో వాళ్ళ కాళ్ళకే తెలుసు. అక్క సూపర్‌వైజర్‌లా నడుస్తూ ఒక్కొక్కరి పేరే పిలిచింది. హాజర్. హాజర్. హాజర్. మూతపడిన గేటుకు తగిలి ఆ మాట తిరిగి వచ్చింది. లోపలున్న వాచ్‌మన్ కూడా బయటికొచ్చి నిలబడ్డాడు.

అందరూ చెప్పాక, అక్క పేరు ఎవరూ పిలవలేదని గుర్తొచ్చింది. గోడకు ఆనుకుని కూర్చున్న భర్త పిలిచాడు. అక్క నేరుగా మామ దగ్గరికి పోయి బ్రష్ అడిగి తీసుకుంది. ఫ్లెక్స్ పక్కన ఖాళీ గోడ మీద, చేతనైనంత పెద్దగా రాసింది: హాజర్. రంగు కారింది, దీర్ఘం వంకర పోయింది. అక్షరాల దగ్గర కన్నతల్లిని కూడా వదలని మామ ఒక్క వంక పెట్టలేదు. తర్వాత బ్రష్ చేతులు మారింది. ఇరవై రెండు మంది, ఇరవై రెండు రకాల చేతిరాతలు. చివర్లో నా చేతికిచ్చారు. నేనూ రాశాను, మొదటిసారి బ్రష్‌తో. ‘హా’ తేడా రాగానే నా ఎడమచేతి వేళ్ళు గాల్లో కీబోర్డు వెతుక్కున్నాయి, కంప్యూటర్లోలాగా తప్పును వెనక్కి తీసుకుందామని. మామ చూసి, పోనీయి బిడ్డా, గట్లనే ఉండనీ అన్నాడు.

ఆ ఫ్లెక్స్‌ను వారం తిరక్కుండా ఎవరో పీకేశారు. గోడ ఉంది. యూనివర్సిటీ అమ్మాయి చూసింది ఆ గోడనే.

వీడియో కూడా అలాగే ఉంది. కింద ఇప్పటికీ ఓం శాంతి అని, ఆత్మకు శాంతి కలగాలని రాస్తూనే ఉన్నారు. అక్క రోజూ మధ్యాహ్నం గోడ నీడలో కూర్చుని ఒక్కొక్కరికీ జవాబు పెడుతుంది. టైపింగ్ నేను నేర్పాను, మాట ఆమెదే: ‘నేనే మాట్లాడుతున్న. బాగున్న. మీరెట్లున్నరు?’ చాలామంది భయపడి మాయమైపోతారు. కొందరు మాత్రం నిజంగానే ఎట్లున్నారో చెప్తారు.

పోయిన నెల ఒకతను రాశాడు. జీడిమెట్లలో తన కంపెనీ బందయిందని, ఇంట్లో చెప్పే ముఖం లేదని, రోజూ పొద్దున భార్య కట్టిచ్చిన డబ్బా పట్టుకుని వచ్చి సాయంత్రం దాకా పార్కులో కూర్చుంటున్నానని. అక్క అది రెండుసార్లు చదివింది. కళ్ళజోడు సర్దుకుని, నన్ను ముట్టనీయకుండా తనే టైప్ చేసింది.

‘రేపు డబ్బ పట్టుకొని మా గేటు కాడికి రా. కలిసి తిందాం.’

మర్నాడు పన్నెండున్నరకు మేము వెళ్ళేసరికి ఒక మనిషి గోడ ముందు నిలబడి ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా, చేతిలో డబ్బా. పై వరస నుంచి కింది దాకా ఒక్కటే మాటను ఇరవై మూడుసార్లు చదువుతున్నాడు. మామ అతన్ని ఎవరని అడగలేదు. రంగు డబ్బా మూత తీసి, బ్రష్ ముంచి, చేతికిచ్చాడు. ఏం రాయాలని అతను అడిగాడు. అక్క అతని చేతిలోని డబ్బా తీసుకుని, పేరు అడిగి, గట్టిగా పిలిచింది.